అయిదేసి కిలోల అసూయ

నవంబరు తొమ్మిదో తారీఖు. ఆ మధ్యాహ్నం మేం తిన్నది రొట్టె, ఉడికిన బంగాళాదుంపలు, కోడిగుడ్లు. మా ఇంట్లో గుడ్లు ఎప్పుడూ అయిదు ఉడికేవి. మా ఆవిడకి రెండు, నాకు మూడు. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఒప్పందం అది. సంతకాలూ సాక్షులూ లేకపోయినా ఏనాడూ తప్పలేదు. ఆ రోజు మాత్రం అయిదో గుడ్డు నా పళ్ళెంలోంచి లేచి, నా కళ్ళముందే, మా ఆవిడ నోట్లోకి వెళ్ళిపోయింది.

కావాలని కాదు లెండి. ఆవిడ కళ్ళు కంప్యూటరు తెర మీదున్నాయి. చెయ్యి మాత్రం తనకి తెలిసిన దారిలో వచ్చి, దొరికింది పట్టుకుపోయింది.

"అది నాది," అన్నాను.

"ఏది?"

"నువ్వు నములుతున్నది."

"ఉండండి, చువ్వకి కాలు బెణికింది," అంది మా ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.

నాకు కడుపు మండింది. గుడ్డు పోయినందుకు కాదు. పెళ్ళాం మొగుడి పళ్ళెంలో గుడ్డు తింటే పోయేదేముంది? ఎవరి ధ్యాసలో పడి తిన్నదీ అన్నదే ప్రశ్న.

మీరిప్పుడే నవ్వడం మొదలుపెడితే ముందు ముందు నవ్వడానికి ఓపిక మిగలదు. కాస్త ఆగండి. ఆవిడ ఇప్పుడు లేదు కాబట్టి ఆవిడ తరఫు వాదన కూడా నేనే వినిపించాలి. న్యాయంగానే వినిపిస్తాను. లేకపోతే కల్లోకి వచ్చి మరీ దిద్దిపోయే మనిషి.

ముందు మా ఉద్యోగాలు చెప్పాలి. నేను డిగ్రీ చదివి, వేబ్రిడ్జిలో కుదురుకున్నవాణ్ణి. లారీ ఖాళీగా వచ్చి ఇనప పలక ఎక్కుతుంది, ఒక బరువు. సరుకేసుకుని వచ్చి మళ్ళీ ఎక్కుతుంది, ఇంకో బరువు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలింది సరుకు. చదివిన లెక్కలన్నిట్లోనూ ఈ ఒక్క తీసివేతే నాకు అన్నం పెట్టింది. మా కాటా అయిదు కిలోల కంటే చిన్న అంకె ఎరగదు. అయిదు, పది, పదిహేను, అలా ఎక్కుతుంది. లారీలోంచి డ్రైవరు దిగాడా లేదా అన్నది దానికి తెలుస్తుంది. దిగేటప్పుడు చెప్పులేసుకున్నాడా అన్నది దానికి పట్టదు. చాలా ఏళ్ళు దాని పక్కన కూర్చున్నాను కదా, నాకూ పట్టేది కాదు.

మా ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. పుట్టిన పిల్లల్ని తూచేది ఆవిడే. అక్కడ ముప్ఫై గ్రాములు పెరిగితే తల్లి కళ్ళు మెరుస్తాయి, ముప్ఫై తగ్గితే డాక్టరు చెప్పులు మరిచిపోయి పరుగెత్తుకొస్తాడు. ఆవిడ గ్రాముల మనిషి, నేను టన్నుల మనిషిని. మా ఇద్దరికీ కూరలో ఉప్పు దగ్గర తప్ప ఎక్కడా గొడవ రాలేదు.

అలాంటి కాపురంలోకి చువ్వ వచ్చాడు.

వాణ్ణి తెచ్చింది మా బావమరిది. కంప్యూటర్లు బాగుచేస్తాడు. బాగుచేసిన కంప్యూటరు కంటే చెడగొట్టిన కాపురం వాడి పేరు ఎక్కువ నిలబెడుతుందని నేనప్పుడు ఊహించలేదు. మా ఆవిడ స్నానాలగదిలో జారి మడమ విరక్కొట్టుకుంది. కాలికి కట్టు, ఇంట్లో కూర్చోమన్నారు. జీవితంలో కూర్చుని ఎరగని మనిషి, కిటికీ ఊచలు లెక్కపెడుతోందని అక్క మీద జాలిపడి వాడొక ఆట తెచ్చి, ముందుగదిలో ఉన్న పాత కంప్యూటర్లో ఎక్కించాడు.

"ఇది ఫుట్‌బాల్ ఆట కాదక్కా, ఫుట్‌బాల్ ఆడించే ఆట," అన్నాడు. "నువ్వు మేనేజరువి. బంతి నువ్వు తన్నక్కర్లేదు. ఆటగాళ్ళకి తిండి పెట్టాలి, కసరత్తు చేయించాలి, ఎవణ్ణి ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం బరువు. బరువు పెరిగితే బలం వస్తుంది, పరుగు పోతుంది. బరువు తగ్గితే పరుగు వస్తుంది గానీ, ఎవడు భుజం తగిలించినా పడిపోతాడు. ఆ రెండిటి మధ్యా నిలబెట్టడమే కిటుకు."

"ఓస్ ఇంతేనా!" అంది మా ఆవిడ. "నేను రోజూ చేసేదే కదరా. వీళ్ళకి మీసాలున్నాయి, అంతే తేడా."

"ఇంకో సంగతి. జట్టులో ఒక్కణ్ణి మాత్రం నీ ఇష్టం వచ్చినట్టు తయారుచేసుకోవచ్చు."

ఆ ఒక్కడే చువ్వ. నేను వేబ్రిడ్జి నుంచి వచ్చేసరికి వాడు పుట్టి, పెరిగి, మైదానంలో పరుగెడుతున్నాడు. పేరు కూడా ఆవిడే పెట్టింది. సన్నగా ఇనప చువ్వలా ఉంటాడు. తలనిండా జుట్టు. అరవై కిలోలు. ఎడమ కాలితో తంతాడు.

"ఎలా ఉన్నాడండీ?" అని అడిగింది.

"గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు," అన్నాను.

ఆవిడ ఎందుకో పడీ పడీ నవ్వింది. అప్పుడే అనుమానించాల్సింది. అంత తెలివి నాకెక్కడిది?

కట్టు విప్పేశారు. ఆవిడ ఉద్యోగానికి వెళ్ళింది. ఆటా పోతుందనుకున్నాను. పోలేదు. ఇదివరకు ఆవిడ ఇంట్లో అడుగుపెడుతూనే "తిన్నారా?" అని అడిగేది. ఇప్పుడు సంచీ కుర్చీలో పారేసి తిన్నగా ముందుగదిలోకి నడిచి, "మా బంగారం ఎలా ఉన్నాడో" అనేది. ఆ బంగారం నేను కాదని తెలుసుకోవడానికి మొదట్లో రెండుసార్లు "బాగానే ఉన్నాను" అని జవాబిచ్చి అభాసుపాలయ్యాను.

ఒకరోజు నాకు జలుబు చేసింది. తుమ్ముకుంటూ వెళ్ళి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను, చూసి జాలిపడుతుందని.

"కొంచెం దూరంగా తుమ్మండి," అంది. "రేపు చువ్వకి మ్యాచుంది."

అదిగో, ఆ తుమ్ముతో నాలో మనిషి పోయాడు, సవతి పుట్టింది.

ఇక్కడ నా ఆకారం గురించి ఒక మాట చెప్పాలి. అప్పట్లో నేను బాగా ఒళ్ళొచ్చి ఉండేవాణ్ణి. లారీ డ్రైవరు ఒకడుండేవాడు, గొంతు పెద్దది కాబట్టి అందరూ హారన్ అనేవాళ్ళు. "సార్, మీరు పలక మీంచి దిగండి, నా ఖాళీ బండి లోడు బండిలా చూపిస్తోంది," అని యార్డంతా వినిపించేలా అరిచేవాడు. డాక్టరు తగ్గమన్నాడు. మా ఆవిడ ఏళ్ళ తరబడి పోరింది. "రేపటినుంచి," అనేవాణ్ణి. మా ఇంట్లో ఆ రేపు అనేది లోడు దించని లారీలా గుమ్మం బయటే నిలబడి ఉండేది.

అలాంటి నాకు, తెర మీద అరవై కిలోల చువ్వ, గాలిలో తేలుతూ పరుగెత్తడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా బావమరిదిని మంచి మాటలతో పట్టుకున్నాను. "ఏం బావా, నువ్వూ ఆడతావా?" అన్నాడు.

"అబ్బే, ఊరికే తెలుసుకుందామని. ఆటగాడి బరువు అమాంతం మార్చెయ్యాలంటే కుదురుతుందా?"

"కుదురుతుంది. ఆటగాడి పేరు మీద నొక్కితే ఒక పేజీ వస్తుంది. ఎత్తూ బరువూ ఎంతంటే అంత కొట్టెయ్యొచ్చు. కానీ అది దొంగదారి బావా. అక్కకి మొదటిరోజే చూపించాను. 'ఛీ, పిల్లాడి బరువు చేత్తో రాస్తామా, పాలిచ్చి పెంచుతాం గానీ' అంది."

ఆవిడ ధర్మం ఆవిడది. నా ధర్మం అప్పటికే తప్పింది.

ఆవిడ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయేది. నేను పదింటికి కదిలితే చాలు. మర్నాడు ముందుగదిలో కూర్చుని, ఒంటివేలితో చువ్వ పేజీ తెరిచి, అరవై తీసి అరవై అయిదు కొట్టాను. పెద్ద పనేమీ చేశాననుకోలేదు. మా కాటా లెక్కలో అది ఒక్క మెట్టు. పావు బస్తా కూడా కాదు.

నా పథకం చాలా సులువైనది. చువ్వ లావవుతాడు. పరుగు పోతుంది. ఆవిడ ఆటలు ఓడిపోతుంది. వాడి మీద మోజు తగ్గుతుంది. నా గుడ్డు నాకొస్తుంది.

సాయంత్రం ఆవిడ తెర ముందు కూర్చుంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"అరె!" అంది.

"ఏమయింది?" అన్నాను, పేపరు లోపల్నుంచి.

"చువ్వ అరవై అయిదయ్యాడు."

"ఎదిగే వయసు," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. పేపరు మీదుగా కాదు, పేపర్లోంచి చూసినట్టనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

రాత్రి నా పళ్ళెంలో నాలుగు రొట్టెముక్కలకి బదులు మూడే ఉన్నాయి.

"ఒకటి తగ్గిందే?"

"చువ్వకి పథ్యం పెట్టానండీ. ఒక్కడికే పెడితే చిన్నబుచ్చుకుంటాడు. తోడుగా మీరు కూడా."

"వాడు బొమ్మ! వాడు చిన్నబుచ్చుకోవడమేమిటి?"

"బొమ్మయితే మీకెందుకంత కోపం?" అంది.

మూడు ముక్కలూ గబగబా తినేసి లేచాను.

మంచంమీద పడుకుని ఆలోచించాను. వాడి కడుపు కోసం నా కడుపు మాడ్చడమా? తెల్లారి ఆవిడ గుమ్మం దాటడమే ఆలస్యం, చువ్వని డెబ్బై చేశాను.

ఆ సాయంత్రం నా టీలో పంచదార మాయమైంది.

"చువ్వకి పంచదార ఆపేశాను," అంది.

"చువ్వ టీ తాగుతాడా?"

"తాగడు. అంచేత వాడికి ఆపడం తేలికయింది. మీకే కాస్త కష్టం."

డెబ్బై అయిదు చేశాను. బంగాళాదుంపలు పోయాయి. వాటి స్థానంలో ఉప్పులేని ఉడకబెట్టిన చిక్కుడు గింజలు వచ్చాయి. పళ్ళెంలో అవి నా వైపు చూసేవి, నేను వాటి వైపు చూసేవాణ్ణి. ఇద్దరికీ ఇష్టం లేని పెళ్ళిచూపులు.

ఎనభై చేశాను. "చువ్వ రోజూ మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టాలి, పదండి," అంది.

"వాణ్ణి కొట్టమను. నేనెందుకు?"

"వాడు పరుగెడుతుంటే మేనేజరు కూర్చుని ఉంటే బావుండదు. నేనొక్కదాన్నే వీధిలో నడిస్తే ఏం బావుంటుంది?"

ఆ మాటకి కరిగి బయల్దేరాను. వీధి చివరి మందులషాపు దాకా వెళ్ళి రావడం. ఆవిడ చేతికి నర్సుల వాచీ, నా మణికట్టు ఆవిడ వేళ్ళ మధ్య. ఎన్నాళ్ళకో ఆవిడ నా చెయ్యి పట్టుకుందని పొంగిపోయాను. మలుపు దగ్గర తెలిసింది, నాడి చూస్తోందని. అయినా చెయ్యి చెయ్యే కదా. వదిలించుకోలేదు.

దారిపొడుగునా చువ్వ కబుర్లే. వాడి భుజాలు ఎలా వెడల్పయ్యాయో, చొక్కా ఎలా బిగుతయిందో, పాపం వంగి బూటు లేసు కట్టుకోవడానికి ఎంత అవస్థపడుతున్నాడో.

"నేనూ కట్టుకోలేను," అన్నాను.

"మీరు చెప్పులేసుకుంటారు కదండీ," అంది.

చూశారా, నా కష్టానికి ఎప్పుడూ ఏదో ఒక సమాధానం. వాడి కష్టానికి కన్నీళ్ళు.

ఇంత లావైనా వాడు ఓడిపోయాడా అంటే, అదీ లేదు. మొదట్లో పరుగు తగ్గి, నాలుగు ఆటలు పోయాయి. నేను లోలోపల పండగ చేసుకున్నాను. కానీ మా ఆవిడ వాణ్ణి అంచున పరుగెత్తే చోటు నుంచి తీసి, ఎదుటి జట్టు గోలు ముందుకి మార్చింది. ఇంక వాడు కదలక్కర్లేదు. నిలబడితే చాలు. వాణ్ణి తోసెయ్యాలని వచ్చినవాళ్ళు గోడకి కొట్టిన బంతిలా వెనక్కి పోయేవాళ్ళు. బంతి వాడి ఛాతీకో, పొట్టకో తగిలి లోపలికి దొర్లేది.

"గోల్!" అని ఆవిడ లేచి గెంతేది. విరిగి అతుక్కున్న మడమ అని కూడా గుర్తుండేది కాదు.

నేను ఎనభై అయిదు, ఆపైన తొంభై చేశాను. వాడు ఇంకా ఎక్కువ గోల్స్ కొట్టాడు. తొంభై అయిదు చేశాను. తెర మీద వాడి ఆకారం చూస్తే చువ్వ అనే పేరు వేళాకోళంలా ఉంది. జట్టు ఏకంగా ఫైనలుకి వెళ్ళింది. ఇక్కడ వాడు ఎంత లావైతే అక్కడ నాకు తిండి అంత తగ్గేది. తిండి ఎంత తగ్గితే నాకు మంట అంత పెరిగేది. మంట పెరిగితే మళ్ళీ వాడికి అయిదు కిలోలు. ఎవరి ముక్కుకి ఎవరు తాడేసి తిప్పుతున్నారో ఆలోచించే స్థితిలో లేను. ఖాళీ కడుపుతో ఆలోచన సాగదు, అసూయ మాత్రం బ్రహ్మాండంగా సాగుతుంది.

యార్డులో హారన్ ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి, "సార్, మీరు పలక మీదున్నారా, దిగారా? తేడా తెలీడం లేదు!" అని అరిచాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు. లేచి నిలబడేసరికి ప్యాంటు నాకంటే కాస్త ఆలస్యంగా లేచింది. బెల్టుకి సుత్తీ మేకూ పెట్టి కొత్త చిల్లు కొట్టుకున్నాను. అదీ చువ్వ ఖాతాలోనే రాశాను. నా ఒంట్లో కండ కూడా వాడే తినేస్తున్నాడు!

ఫైనలు ముందురోజు సాయంత్రం. పళ్ళెంలో ఒక రొట్టెముక్క, గుప్పెడు చిక్కుడు గింజలు. ఆవిడ నా ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముఖంలో ఏదో దూరపు వెలుగు.

"ఏమాలోచిస్తున్నావు?" అన్నాను, నా గురించే అయ్యుంటుందన్న ఆశతో.

"చువ్వ గురించే. ఎంత నిండుగా ఉన్నాడండీ! మగాడంటే అలా ఉండాలి. వాడు ముందు నిలబడితే నాకింక దేనికీ భయముండదు."

చేతిలో ఉన్న గింజని తిరిగి పళ్ళెంలో పడేశాను.

"నేను ఇన్నేళ్ళుగా నిలబడ్డది దేని ముందు? లారీల ముందా?"

"మీరా?" అంది, నన్ను కిందనుంచి పైకి చూసి. "మీరు చిక్కిపోయారు కదా."

ఇంతకన్నా ఏం కావాలి మనిషి చెడిపోవడానికి? తెల్లారింది. ఆవిడ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఇవాళ తీరిగ్గానే బయల్దేరండి, తొందరేం లేదు," అంది. ఆ మాట ఎందుకందో కూడా తోచలేదు. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి నూట యాభై కొట్టాను. పొట్ట పగిలి చావనీ అనుకున్నాను. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఎంత లావైనా నూట పది దాటకూడదట. సరే, యంత్రానికైనా కాస్త దయ ఉంది గదా అని నూట పదితో సర్దుకున్నాను.

ఇంత బరువుతో ముందుకి ఉరికి బంతి ఎలా అందుకుంటాడో చూస్తాను! నిలబడ్డచోటే ఆయాసంతో కూర్చుండిపోతాడు. ఆవిడ ఓడిపోతుంది. ఏడుస్తుంది. నేను ఓదారుస్తాను. ఓదార్చే మాటలు కూడా లారీ తూస్తూ తూస్తూ సిద్ధం చేసుకున్నాను.

సాయంత్రం ఫైనలు చూడ్డానికి మా బావమరిది కూడా వచ్చాడు. ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. మా ఆవిడ చువ్వ పేజీ తెరిచింది. నూట పది. కనుబొమ్మ కూడా కదపలేదు. తాపీగా జట్టు పేర్లు అటూ ఇటూ జరిపింది.

"అక్కా! అదేమిటి, చువ్వని గోల్‌కీపరుగా పెట్టావు?" అని అరిచాడు మా బావమరిది.

"చూస్తూండు," అంది.

నేను కుర్చీ అంచుకి జరిగాను.

మీలో ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళుంటే నన్ను మన్నించాలి. నిజం ఆటలో ఇలా జరుగుతుందని నేననను. ఆ ఆటలో జరిగింది. చువ్వ గోలులో నిలబడ్డాడు. నిలబడేసరికి వెనకున్న వల కనిపించడం మానేసింది. ఎదుటి జట్టువాళ్ళు ఎడమనుంచి కొట్టారు, వాడి భుజానికి తగిలింది. కుడినుంచి కొట్టారు, నడుముకి తగిలింది. ఒకడు తెలివిగా కాళ్ళ మధ్యనుంచి పంపబోయాడు. కాళ్ళ మధ్య ఖాళీ ఎక్కడుంది! గోలుకి తలుపు వేసి గడియ పెట్టినట్టయింది. వాడు చెయ్యి ఎత్తలేదు, కాలు కదపలేదు. ఇటువైపు మనవాళ్ళు ఎలాగో ఒక గోలు కొట్టారు. ఆట అయిపోయింది. కప్పు వచ్చింది.

తెర మీద పదిమంది కలిసి చువ్వని ఎత్తబోయి, ఎత్తలేక, కప్పు ఒక్కటే ఎత్తారు.

మా బావమరిది ఇంకా నోరు మూయలేదు. "అక్కా, నిన్న నేను ఫోన్ చేసినప్పుడు వాడు తొంభై అయిదే అన్నావు. తొంభై అయిదుతో గోలంతా నిండదు. ఇవాళ నూట పది చూసి నువ్వు కొంచెమైనా ఆశ్చర్యపోలేదు. అవుతాడని నీకెలా తెలుసు?"

"నిన్న రాత్రి మీ బావకి చిక్కుడు గింజలు పెట్టాను కదరా," అంది మా ఆవిడ.

కంప్యూటర్లో జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. నాకే కొడుతున్నట్టనిపించింది.

"పైగా మగాడంటే చువ్వలా ఉండాలని కూడా అన్నాను. ఆ మాట తప్పకుండా పదిహేను కిలోలు చేస్తుంది."

"నీకు... తెలుసా?" అన్నాను.

"మొదటిరోజే తెలుసు."

"ఎలా?"

"ఏమండీ, నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు పెరిగారు! మనిషన్నవాడు అరవై కిలోల నూటయాభై గ్రాములవుతాడు, మూడొందలవుతాడు. అరవై, అరవై అయిదు, డెబ్బై, డెబ్బై అయిదు అని మెట్లెక్కినట్టు ఎవడెక్కుతాడు? మీ కాటా మీద లారీ తప్ప!"

మా బావమరిది కుర్చీలోంచి కిందికి జారి, నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలో చోటు సరిపోలేదు వాడి నవ్వుకి.

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే మానేస్తారుగా. నాకేమో చువ్వకి బరువు కావాలి, ఆ దొంగదారి తొక్కనని వీడికి మాటిచ్చాను. నేను తొక్కలేదు. తొక్కింది మీరు. మీ బరువేమో తగ్గాలి. తగ్గండి తగ్గండి అని ఇన్నాళ్ళూ మొత్తుకుంటే వినలేదు. వాడికి అయిదు పెరిగినప్పుడల్లా మీకో ముద్ద తగ్గించాను. మీ అసూయకి నేను చేసిందల్లా నాలుగు చిక్కుడు గింజలు ఉడకబెట్టడం."

"ఎంత తగ్గానేమిటి?" అన్నాను, ఓడిపోయినవాడికి మిగిలేది కుతూహలమే కదా.

"తొమ్మిది కిలోల రెండొందల గ్రాములు."

"నన్నెప్పుడు తూచావు?"

"పాత బరువు డాక్టరు చీటీలో ఉంది. మొన్న నాకు గొడుగివ్వడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు, తలుపు పక్కన అలా నిలబడండి అన్నాను చూడండి. అక్కడ నేలమీద రేకు లాంటిదొకటుంది, చూశారా?"

బతుకంతా కాటా పక్కన కూర్చున్నవాణ్ణి, కాటా మీద నిలబడి కూడా కనుక్కోలేదు.

మా బావమరిది కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా వాడి నవ్వు వినిపించింది. మేం భోజనానికి కూర్చున్నాం. గుడ్లు అయిదు ఉడికాయి. చూడనట్టు చూశాను. ఆవిడ రెండు తనకి వేసుకుని, మూడు నాకు వేసింది.

"పథ్యం?"

"కప్పు గెలిచాం కదా. ఇవాళ్టికి."

తిన్నాక ఆవిడ నన్ను మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. "ఇంక వాణ్ణి వాడి బరువుకి తీసుకురండి, మీ చేతులతోనే. పాపం, బూటు లేసు కట్టుకోలేకపోతున్నాడు."

నేను సిగ్గుపడుతూ పేజీ తెరిచి, నూట పది చెరిపి, అరవై కొట్టబోతూ ఆగాను. నా బుర్రలో కూడా ఆలస్యంగానైనా ఒక దీపం వెలుగుతుంది.

"ఆగాగు. నువ్వు గ్రాముల మనిషివి కదా. వీణ్ణి తయారుచేసినప్పుడు అరవై అని పెట్టావేం? అరవై ఒకటో, యాభై తొమ్మిదో పెట్టకుండా? అదీ అయిదుల లెక్కే!"

పట్టుకున్నాననుకున్నాను. ఆవిడ నా భుజం మీదుగా వంగి తెర మీద చువ్వని చూస్తోంది.

"మీ కాటా అంతకంటే సరిగ్గా చూపించలేదు మరి," అంది.

"ఏ కాటా?"

"పెళ్ళయిన కొత్తలో మీ ఆఫీసు చూస్తానని వచ్చాను గుర్తుందా? లారీలేవీ లేవు. ఇద్దరం కలిసి పలక మీద నిలబడ్డాం. నూట పది చూపించింది. నన్ను దిగమని, మీరొక్కరే నిలబడ్డారు. అరవై."

గుర్తొచ్చింది. ఆవిడ పలక చివర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉండటం. నేను అంకె చూడ్డానికి మెడ వెనక్కి తిప్పడం. "గాలొస్తే ఎగిరిపోతారేమో," అని ఆవిడ అనడం.

తెర మీద చువ్వ వైపు చూశాను. సన్నం. ఎత్తు సరిగ్గా నా ఎత్తే. ఎడమ కాలు. ఇప్పటికీ ఇంటికొస్తే నేను చెప్పులు విదిలించేది ఎడమ కాలితోనే. జుట్టొక్కటే అడ్డొచ్చి పోల్చుకోలేకపోయాను.

"ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది..." అని ఆగిపోయాను.

"మీ మీదే," అంది. "మీకన్నా బాగా ఎవరు కుళ్ళుకోగలరు మిమ్మల్ని చూసి? కొట్టండి, అరవై."

కొట్టాను. చువ్వ చిక్కి, మైదానం అంచున మళ్ళీ పరుగెత్తడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఇప్పుడు వాడు అందంగానే కనిపించాడు నాకు. కొంచెం తెలివైన ముఖం కూడా ఉందనిపించింది.

"బాగానే ఉన్నాడు," అన్నాను.

"చాలాసార్లు బాగానే ఉండేవాడు," అంది. "కాస్త అసూయ ఎక్కువ."

కంప్యూటరు ఆపింది. దీపం తీసింది. నేను ముందు బయటికి వచ్చాను. ఆవిడ వెనకగా వచ్చి, ఆ గది తలుపు ఎప్పటిలా ధడేలున లాగకుండా, రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

"అంత మెల్లగా దేనికి?" అని గుసగుసగా అడిగాను. నేనెందుకు గుసగుసలాడానో నాకే తెలియదు.

"పొద్దుననగా నూట పది మోశాడు. పడుకోనివ్వండి," అంది, గడియ పెడుతూ.